స్లీప్‌లో పెట్టినా సీపీయూ మోత ఆగకపోతే: ఇంట్లోనే వెతికి సరిచేసుకునే పద్ధతి

పగలు ఈ శబ్దం ఎవరికీ వినపడదు. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, వీధిలో ఆటోలు, పక్క పోర్షన్లో మిక్సీ, వీటన్నిటి కింద కలిసిపోతుంది. రాత్రి పదకొండు దాటాక కంప్యూటర్ని స్లీప్‌లో పెట్టి పడుకున్నప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. ఒకరికి సన్నటి ఈల, ఒకరికి గుయ్యిమనే మోత, ఇంకొకరికి ఆగకుండా తిరుగుతున్న ఫ్యాను రొద. తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల పోర్షన్లలో గానీ, చిత్తూరు గ్రీమ్స్‌పేట పాత ఇళ్ళల్లో గానీ కంప్యూటర్‌కంటూ వేరే గది ఎక్కడుంటుంది? పడుకునే గదిలోనే, తల పక్కనే బల్ల.

తెల్లారి షాపుకి ఫోన్ చేస్తే వచ్చే మొదటి మాట, "ఎస్ఎంపీఎస్ పోయుంటుంది సార్, మార్చేద్దాం." ఎస్ఎంపీఎస్ అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సినట్టు మార్చి ఇచ్చే డబ్బా. ఒక్కోసారి అది నిజమే. కానీ వస్తువు చూడకుండా, శబ్దం వినకుండా చెప్పే ఆ మాటకి డబ్బులు పెట్టేముందు ఇంట్లో ఒక రాత్రి కూర్చుని చూసుకోవాల్సిన పని కొంత ఉంది. స్క్రూడ్రైవర్ కూడా పెద్దగా అక్కర్లేదు.

పడుకున్న కంప్యూటర్లో ఏం జరగాలి

డెస్క్‌టాప్‌లో మామూలుగా మనం స్లీప్ అనేదానికి సాంకేతికంగా ఎస్3 అని పేరు. 1996లో వచ్చిన ఏసీపీఐ అనే ప్రమాణం కంప్యూటర్ స్థితులను ఎస్0 నుంచి ఎస్5 దాకా విడదీసింది. ఎస్0 అంటే మేలుకుని పనిచేస్తున్నట్టు, ఎస్5 అంటే షట్‌డౌన్. ఎస్3లో ప్రాసెసర్‌కీ, హార్డ్ డిస్కుకీ, గ్రాఫిక్స్ కార్డుకీ, ఫ్యాన్లకీ కరెంటు ఆగిపోతుంది. ర్యామ్‌కి మాత్రం కాస్త అందుతూ ఉంటుంది, ఎందుకంటే మీరు తెరిచి వదిలేసిన ఫైళ్ళన్నీ అందులోనే ఉంటాయి. ఆ కాస్త కరెంటూ ఎస్ఎంపీఎస్‌లో ఉండే స్టాండ్‌బై అనే చిన్న సర్క్యూట్ నుంచి 5 వోల్టుల లైనులో వస్తుంది. మొత్తం కలిపి ఖర్చయ్యేది కొద్ది వాట్లే.

ఇక్కడే సగం సమస్య తేలిపోతుంది. స్లీప్‌లో ఫ్యాను తిరుగుతోందంటే అది సరైన స్లీప్ కాదు. ఫ్యాను ఆగిపోయి కూడా శబ్దం వస్తోందంటే అది కరెంటు శబ్దం. రెండిటికీ దారులు వేరు. మొదటిదానికి సెట్టింగులు చూడాలి, రెండోదానికి వైర్లు, ప్లగ్గులు, ఎస్ఎంపీఎస్ చూడాలి. ఈ రెండూ కలిపేసి ఒకేసారి అన్నీ మార్చేవాళ్ళకి చివరికి ఏది మారిస్తే తగ్గిందో కూడా తెలియదు.

మొదటి అడుగు: శబ్దం ఎక్కడిది?

ముందు తెరిచి ఉన్న పనులన్నీ సేవ్ చేసుకోండి. ఈ పరీక్షల్లో ఎక్కడైనా కరెంటు తెగితే ర్యామ్‌లో ఉన్నది పోతుంది.

గదిలో ఫ్యాను, ఏసీ, పక్కనే ఉంటే ఫ్రిజ్ కూడా ఆపేయండి. స్టార్ట్ మెనూలో నుంచి స్లీప్ నొక్కి రెండు నిమిషాలు ఆగండి. నొక్కగానే ఫ్యాను ఆగలేదని కంగారు పడొద్దు. డెస్క్‌టాప్‌లలో హైబ్రిడ్ స్లీప్ అనే ఏర్పాటు ఉంటే, ర్యామ్‌లో ఉన్నదాన్ని ముందు డిస్కులో కూడా ఒక కాపీ రాసుకుని అప్పుడు పడుకుంటుంది. పాత హార్డ్ డిస్కయితే ఆ రాత కొంచెం సేపు పడుతుంది.

తర్వాత క్యాబినెట్ వెనక ఎస్ఎంపీఎస్ జాలీ దగ్గర అరచెయ్యి పెట్టండి. గాలి తగులుతోందా? ముందువైపు పవర్ లైటు చూడండి. చాలా క్యాబినెట్లలో స్లీప్‌లో ఉంటే అది ఆరి వెలుగుతూ ఉంటుంది, మేలుకుని ఉంటే నిలకడగా వెలుగుతుంది. స్క్రీన్ నల్లగా ఉందని స్లీప్ అనుకునేవాళ్ళు చాలామంది. మానిటర్ ఆరిపోవడం వేరు, కంప్యూటర్ పడుకోవడం వేరు.

గాలి లేదు, శబ్దం మాత్రం ఉంది. అప్పుడు ఒక పాత క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుట్టండి. స్వామి బొమ్మ ఉన్నది వద్దులెండి, బ్యాంకు వాళ్ళిచ్చేది చాలు. ఒక కొస చెవికి ఆనించి, రెండో కొసని ఎస్ఎంపీఎస్ వెనక, మదర్‌బోర్డు వైపు, మానిటర్ వెనక, యూపీఎస్ మీద, స్పీకర్ దగ్గర ఒక్కోచోట పెట్టి వినండి. ఉత్త చెవికి గదంతా నిండినట్టు వినిపించే శబ్దం గొట్టంలో నుంచి వింటే ఎక్కడిదో పట్టుబడుతుంది. ఫోన్‌లో స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, అదీ వాడుకోవచ్చు. 100 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తే అది మన ఇంటి కరెంటు మోత, ఎందుకంటే మన సప్లై 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ మోత దానికి రెట్టింపులో వస్తుంది. కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర లేస్తే అది కాయిల్ ఈల, అంటే లోపలి తీగ చుట్ట అదిరి చేసే శబ్దం.

ఆపైన ఒక్కొక్క వస్తువు ప్లగ్గు పీకుతూ రండి. స్విచ్ ఆపడం కాదు, పీకడం. ఈ తేడా ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను. కొర్లగుంటలో మాకు తెలిసిన కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, స్లీప్‌లో పెట్టినా గుయ్యిమంటానే ఉందన్నా. కొత్త ఎస్ఎంపీఎస్ కూడా ఏయించినా."

"స్పీకర్లు చూసినావా?"

"ఆఫ్‌లోనే ఉండాయన్నా."

"ఆఫ్ కాదబ్బా, ప్లగ్గు పీకు."

పీకాడు, ఆగిపోయింది. చవక స్పీకర్లలో ఆన్-ఆఫ్ నాబ్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల ఉంటుంది. నాబ్ తిప్పి ఆపినా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కి 230 వోల్టులు అందుతూనే ఉంటాయి, అది అదురుతూనే ఉంటుంది. కొత్త ఎస్ఎంపీఎస్ డబ్బులు ఊరికే పోయాయి.

పీకాల్సినవి: స్పీకర్లు, మానిటర్, సొంత అడాప్టర్ ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, పక్కన ఉన్న రౌటర్ అడాప్టర్, ప్రింటర్, మొబైల్ చార్జర్. యూపీఎస్‌ని మాత్రం ఇలా పీకకూడదు. కంప్యూటర్ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, సీపీయూ కేబుల్‌ని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి, మళ్ళీ ఆన్ చేసి, మళ్ళీ స్లీప్‌లో పెట్టి వినాలి.

ఏది పీకితే ఆగిందో అదే దొంగ. ఏది పీకినా ఆగకపోతే, సీపీయూ లోపలిదే.

ఫ్యాను ఆగడం లేదంటే

ఇది సెట్టింగుల పని. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. ఇక్కడ కొట్టే కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టే చెప్తాను. అన్నీ పవర్‌సీఎఫ్‌జీతోనే మొదలవుతాయి. పవర్ అనే ఇంగ్లిష్ మాట కొట్టి, ఖాళీ వదలకుండా సి, ఎఫ్, జి అక్షరాలు దానికి అతికించాలి. తర్వాత ఒక స్పేస్, ఒక స్లాష్, ఆ స్లాష్‌కి అతుక్కుని మిగతా మాట.

మొదటిది: పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ ఏ. ఎంటర్.

మీ కంప్యూటర్‌కి ఏయే స్లీప్‌లు చేతనవునో, ఏవి కావో, ఎందుకు కావో అన్నీ ఇందులో రాసి ఉంటుంది. పై జాబితా ఉన్నవి, కింది జాబితా లేనివి. పై జాబితాలో స్టాండ్‌బై ఎస్3 కనిపిస్తే కంప్యూటర్‌కి సరైన నిద్ర తెలుసు. స్టాండ్‌బై ఎస్1 మాత్రమే ఉంటే ఫ్యాన్లు తిరగడంలో వింత లేదు, ఎస్1లో ప్రాసెసర్ పని ఆపుతుందే తప్ప కరెంటు ఆగదు. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్ళి, పవర్ లేదా ఏసీపీఐ అని ఉన్న పేజీలో సస్పెండ్ మోడ్‌ని ఎస్3కి మార్చాలి. పాత బోర్డుల్లో ఇది ఎక్కువ. కొత్త బోర్డుల్లో సస్పెండ్ టు ర్యామ్ అనే పేరుతో ఉండవచ్చు.

కింది జాబితాలో ఎస్3 దగ్గర గ్రాఫిక్స్ అనే మాట కనిపిస్తే ఎక్కువసార్లు కారణం ఇదే: అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్‌ని విండోస్ నడపడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) లేదు. అసెంబుల్డ్ కంప్యూటర్‌కి విండోస్ ఎక్కించి, స్క్రీన్ మీద బొమ్మ వస్తోంది కదా అని డ్రైవర్లు వెయ్యకుండా ఇచ్చేసినప్పుడు ఇలా జరుగుతుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందా, చూడండి. ఉంటే ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియాలలో మీది ఏదైతే దాని అసలు డ్రైవర్ వేస్తే ఎస్3 తిరిగొస్తుంది.

ఇక మూడో రకం. పై జాబితాలో "ఎస్0 లో-పవర్ ఐడిల్" అని ఉంటుంది. దీన్నే మోడర్న్ స్టాండ్‌బై అంటారు. ఫోన్ లాగా, స్క్రీన్ ఆరినా లోపల సన్నగా మేలుకునే ఉండే ఏర్పాటు. కంపెనీ బిగించి ఇచ్చే కొత్త డెస్క్‌టాప్‌లలో, ఆల్-ఇన్-వన్‌లలో కనపడుతోంది. నియమం ప్రకారం ఇందులోనూ ఫ్యాను ఆగాలి, కానీ వెనకాల అప్‌డేట్ ఏదైనా నడిచిందా, వేడెక్కి ఫ్యాను లేస్తుంది. స్లీప్‌స్టడీ అనే కమాండ్, అంటే పవర్‌సీఎఫ్‌జీ స్పేస్ స్లాష్ స్లీప్‌స్టడీ, రాత్రంతా ఏది మేలుకుని ఉందో ఒక రిపోర్టు తయారు చేసి ఫైలు ఎక్కడుందో చెప్తుంది. ఇలాంటి మెషీన్‌కి బయోస్‌లో ఎస్3 ఎంపిక ఇవ్వకపోతే, నా మాట విని స్లీప్‌తో కుస్తీ మానేసి హైబర్నేట్ వాడుకోండి. అదెలాగో కింద ఉంది.

కంప్యూటర్ దానంతట అది స్లీప్‌కి పోవాల్సిన టైములో పోవడం లేదంటే అడ్డుపడుతున్నదెవరో తెలుసుకునే కమాండ్ ఇది: పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ రిక్వెస్ట్స్. డిస్‌ప్లే, సిస్టమ్ అని కొన్ని శీర్షికలు వస్తాయి, అన్నిటి కింద నన్ అని ఉంటే ఎవరూ అడ్డు లేరు. ఆడియో డ్రైవర్ పేరు ఉంటే ఎక్కడో ఏదో పాట నడుస్తోంది, ఎక్కువగా బ్రౌజర్లో మరిచిపోయిన ట్యాబే అయి ఉంటుంది.

ఎస్3 ఉంది, స్లీప్ నొక్కారు, స్క్రీన్ ఆరింది, ఫ్యాను మాత్రం జోరుగా తిరుగుతోంది, మౌస్ కదిపినా లేవడం లేదు. ఇది నిద్రకీ మెలకువకీ మధ్య ఇరుక్కుపోవడం. పవర్ బటన్ని నాలుగైదు సెకన్లకు పైగా నొక్కిపట్టి ఆపండి. తర్వాత యూఎస్‌బీలో కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ తీసేసి మళ్ళీ ప్రయత్నించండి. బయోస్‌లో ర్యామ్‌కి ఎక్స్ఎంపీ పెట్టి ఉంటే తీసేసి చూడండి. ర్యామ్‌ని మామూలు వేగానికి మించి నడిపినప్పుడు పనంతా బాగానే జరిగి స్లీప్ దగ్గరే తన్నుకోవడం ఉంటుంది. దానికీ లొంగకపోతే చిప్‌సెట్ డ్రైవర్, ఆ తర్వాత బయోస్ అప్‌డేట్. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే లేవకపోవచ్చు కాబట్టి, మంచి బ్యాటరీ ఉన్న యూపీఎస్ మీద ఉన్నప్పుడే చెయ్యండి.

విండోస్ బదులు ఉబుంటు లాంటివి వాడే విద్యార్థులకి ఒక మాట. సిస్ ఫోల్డర్లో పవర్ అనే ఫోల్డర్, అందులో మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ అనే ఫైలు చదవండి. డీప్ అనే మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటే అది ఎస్3. ఎస్2ఐడిల్ చుట్టూ ఉంటే ఫ్యాను తిరగడానికి కారణం దొరికినట్టే.

రాత్రి రెండింటికి దానంతట అదే లేస్తుంటే

పడుకునేటప్పుడు నిశ్శబ్దంగానే ఉంటుంది. నడిరాత్రి గిర్రుమని ఫ్యాన్లు లేస్తాయి, గదంతా మానిటర్ వెలుగు. కాసేపటికి మళ్ళీ పడుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు దీనికి రకరకాల కారణాలు చెప్తారు గానీ, విండోస్ దగ్గర రాతపూర్వకంగా లెక్క ఉంటుంది.

తెల్లారి చూడాల్సిన మొదటి కమాండ్: పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ లాస్ట్‌వేక్. చివరిసారి ఏది లేపిందో చెప్తుంది. రెండోది స్లాష్ వేక్‌టైమర్స్, ముందు ముందు లేపడానికి అలారం పెట్టుకుని కూర్చున్నవి ఏవో చెప్తుంది.

ఇంకా వివరం కావాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కి, సోర్స్ దగ్గర పవర్-ట్రబుల్‌షూటర్ అని ఉన్నవి చూడండి. స్లీప్ టైమ్, వేక్ టైమ్, వేక్ సోర్స్ అని మూడు వరసలు ఉంటాయి. ఇక్కడ మనవాళ్ళు చాలామంది బోల్తా పడతారు. ఆ వివరణలో వేసే టైము మన టైము కాదు, గ్రీన్‌విచ్ లెక్క. చివర్లో జెడ్ అక్షరం ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలపాలి. వేక్ టైమ్ 20:30 అని ఉంటే "రాత్రి ఎనిమిదిన్నరకి నేనే వాడుతున్నా కదా" అని కొట్టిపారేయకండి. అది మన రాత్రి రెండు గంటలు.

ఆ రెండు గంటలే కనిపిస్తే అనుమానించాల్సింది ఆటోమేటిక్ మెయింటెనెన్స్‌ని. విండోస్ తనంతట తాను పెట్టుకునే మెయింటెనెన్స్ టైము రాత్రి రెండే. కంట్రోల్ ప్యానెల్‌లో సెక్యూరిటీ అండ్ మెయింటెనెన్స్‌లోకి వెళ్ళి, మెయింటెనెన్స్ కింద ఉన్న సెట్టింగుల్లో, కంప్యూటర్ని లేపడానికి అనుమతించే టిక్ తీసేయండి. ఆ పక్కనే టైము మార్చే చోటు కూడా ఉంది. మధ్యాహ్నం భోజనం వేళకి పెట్టుకోండి, పోయేదేం లేదు.

తర్వాత వేక్ టైమర్లు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో స్లీప్ అనే ప్లస్ గుర్తు విప్పితే అలౌ వేక్ టైమర్స్ ఉంటుంది. డిజేబుల్ చెయ్యండి. ఇంపార్టెంట్ వేక్ టైమర్స్ ఓన్లీ అనేది అప్‌డేట్ల కోసం లేవడాన్ని ఆపదు కాబట్టి దానితో సరిపెట్టుకోవద్దు.

లేపింది మౌస్ అని వచ్చిందా? ఇది తరచూ జరిగేదే. ఆప్టికల్ మౌస్ కింద అద్దం బల్ల ఉంటే దానంతట అదే వణుకుతుంది. బల్లకి ఆనించిన గోడ అవతల ఎవరైనా తలుపు గట్టిగా వేసినా చాలు. ఏయే పరికరాలకి లేపే హక్కు ఉందో చూడాలంటే: పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ డివైస్‌క్వెరీ, స్పేస్, వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్‌డ్. జాబితా వస్తుంది. డివైస్ మేనేజర్లో ఆ మౌస్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్ని లేపడానికి ఒప్పుకునే టిక్ తీసేయండి. కీబోర్డుకి ఉంచండి, లేకపోతే ప్రతిసారీ పవర్ బటనే నొక్కాలి.

నెట్‌వర్క్ కార్డు అని వస్తే అదే ట్యాబ్‌లో మ్యాజిక్ ప్యాకెట్ (కంప్యూటర్ని లేపడానికే నెట్‌వర్క్‌లో పంపే ప్రత్యేక సందేశం) వస్తేనే లేవాలి అనే టిక్ పెట్టండి. దూరం నుంచి కంప్యూటర్ని లేపే అవసరం మీకు లేకపోతే పై టిక్ కూడా తీసేయొచ్చు.

వేక్ సోర్స్ అన్‌నోన్ అని వస్తే పైవన్నీ ఒక్కో రాత్రికి ఒక్కోటి మార్చి చూడటమే మార్గం.

ఫ్యాను ఆగింది, ఈల ఆగలేదు

ఇప్పుడు అసలైన కరెంటు శబ్దం. గొట్టం పెడితే ఎస్ఎంపీఎస్ దగ్గరే గట్టిగా వినిపిస్తోంది. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు లేదు, పడుకుంటేనే వస్తోంది. ఇది వింతగా అనిపిస్తుంది గానీ కారణం తేలిక. స్టాండ్‌బై సర్క్యూట్ మీద లోడు బాగా తక్కువైనప్పుడు అది నిలకడగా కాకుండా విడతలు విడతలుగా పనిచేస్తుంది. కరెంటు ఆదా కోసం అలా డిజైన్ చేస్తారు. ఆ విడతల వేగం 20 వేల హెర్ట్జ్ కిందికి దిగిందంటే మన చెవికి అందే శబ్దమైపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట, దాని ఫెర్రైట్ కోర్, కొన్నిసార్లు చిన్న సిరామిక్ కెపాసిటర్లు కూడా ఆ వేగంలో అదురుతాయి. వార్నిష్ సరిగ్గా పట్టని చవక ఎస్ఎంపీఎస్‌లో ఇంకొంచెం జాస్తి.

ఈ ఈల పిల్లలకి వినపడి పెద్దవాళ్ళకి వినపడకపోవచ్చు. వయసు పెరిగేకొద్దీ పై స్థాయి శబ్దాలు వినే శక్తి తగ్గుతుంది. ఇంటర్ చదివే అమ్మాయి నిద్ర పట్టడం లేదంటుంటే నాన్న వెళ్ళి చెవి పెట్టి "ఏమీ లేదు, నీ అనుమానం" అనడం నేను చూశాను. ఫోన్‌ని ఎస్ఎంపీఎస్ దగ్గర పెట్టి స్పెక్ట్రమ్ యాప్ తెరిస్తే ఎవరు చెప్పింది నిజమో తేలుతుంది.

పరీక్ష ఇలా చెయ్యండి. కంప్యూటర్ని స్లీప్ కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆన్‌లోనే ఉంచి వినండి. అప్పుడూ ఈల వస్తుంటే స్టాండ్‌బై సర్క్యూటే. ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపితే కొన్ని సెకన్లలో సన్నగా దిగజారి ఆగిపోతుంది.

లోడు మార్చి చూడటం తర్వాతి పని. యూఎస్‌బీలో ఉన్నవన్నీ పీకండి. ఫోన్ చార్జింగ్, రంగుల లైట్ల కీబోర్డు, పెన్ డ్రైవ్, వైఫై డాంగిల్, అన్నీ. ఈల గొంతు మారితే మీరు సరైన చోటే ఉన్నారు. దీనికి ఉల్టా కూడా పనిచేస్తుంది. స్లీప్‌లో కరెంటిచ్చే యూఎస్‌బీ పోర్టుకి చిన్న లైటో, ఫోనో తగిలించి లోడు కొంచెం పెంచితే విడతల వేగం పెరిగి చెవికి అందకుండా పోవచ్చు. ఖర్చులేని ప్రయత్నం.

బయోస్‌లో ఈఆర్‌పీ అనే సెట్టింగ్ గురించి చాలామంది చెప్తారు. అది యూరప్ వాళ్ళ కరెంటు పొదుపు నియమం కోసం వచ్చింది. ఆపేసిన కంప్యూటర్ అర వాటుకి మించి తినకూడదన్నది దాని ఉద్దేశం. కానీ అది ముఖ్యంగా పనిచేసేది షట్‌డౌన్ మీద, హైబర్నేట్ మీద. ఎస్3లో ర్యామ్‌కి కరెంటు ఇవ్వక తప్పదు కాబట్టి స్లీప్ ఈలని అది ఆపుతుందని ఆశ పెట్టుకోకండి.

ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే ఈల, మోత పెరుగుతున్నాయంటే అది ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు రూపం వల్ల. చవకవి, పాతవి స్క్వేర్ వేవ్ ఇస్తాయి. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్లన్నీ గుయ్యిమంటాయి, ఫ్యాను కూడా. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ బాధ ఉండదు.

ఒక హెచ్చరిక. ఎస్ఎంపీఎస్ డబ్బాని విప్పొద్దు. 230 వోల్టులు లోపల డీసీగా మారినప్పుడు దాదాపు 325 వోల్టులవుతుంది. అది పెద్ద కెపాసిటర్లో నిలవ ఉంటుంది, ప్లగ్గు పీకినా వెంటనే పోదు. కాయిల్‌కి జిగురు పూస్తే ఈల తగ్గుతుందనే వీడియోలు చూసి ఇంట్లో ఎవరూ ఆ సాహసం చెయ్యకూడదు. బయటి నుంచి చెయ్యగలిగినవి చేశాక కూడా ఈల నిద్ర చెడగొడుతుంటే అప్పుడు ఎస్ఎంపీఎస్ మార్చడం న్యాయమైన ఖర్చు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది కాకుండా 80 ప్లస్ గుర్తు ఉన్నది తీసుకోండి. ఆ గుర్తు కరెంటు పొదుపుకే గానీ నిశ్శబ్దానికి హామీ కాదు. అందుకే కొనేముందు షాపులోనే స్లీప్‌లో పెట్టించి వినండి, అక్కడ గోల ఎక్కువైతే ఇంటికొచ్చిన రాత్రే విని తేల్చుకోండి.

గుయ్యిమనే మోత: స్పీకర్, యూపీఎస్, ఎర్తింగ్

స్పీకర్‌కి చిన్న పరీక్ష ఉంది. మోత వస్తున్నప్పుడు వాల్యూమ్ తిప్పండి. మోత కూడా పెరిగి తగ్గుతుంటే అది కేబుల్ గుండా వస్తోంది. తిప్పినా మారకపోతే స్పీకర్ లోపలి ట్రాన్స్‌ఫార్మరో, కెపాసిటరో. కేబుల్ గుండా వచ్చేదానికి కారణం, స్లీప్‌లో సౌండ్ చిప్‌కి కరెంటు పోయి ఆ వైరు దిక్కులేకుండా వేలాడుతుండటం. చుట్టుపక్కల కరెంటు వైర్ల మోతనంతా అది పోగుచేసి స్పీకర్‌కి ఇస్తుంది. సీపీయూ పవర్ కేబుల్‌నీ స్పీకర్ వైరునీ కలిపి రబ్బరు బ్యాండు వేసి చుట్టి ఉంటే ముందు విడదీయండి. యూఎస్‌బీతో నడిచే చిన్న స్పీకర్లయితే ఈ బెడద తక్కువ, పోర్టుకి కరెంటు ఆగితే అవీ ఆగుతాయి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఇది మన వైపు పాత ఇళ్ళల్లో సర్వసాధారణం, అందరూ అలవాటు పడిపోయారు. ఎస్ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు రెండు, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య నుంచి బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ చిన్న లీకు నేలలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద సప్లైలో సగం దాకా వోల్టేజీ తేలుతుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుంది అంతే. కానీ అదే లీకు స్పీకర్లో మోతగా వినపడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాడుతుంటే ఈ క్షణమే తీసేయండి. సాకెట్‌లో ఎర్త్ వైరు నిజంగా ఉందా, లేదా బొక్క మాత్రమే ఉందా అనేది ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి.

శేషాచలం కింద రాతి నేల, ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊరు. మే నెల వచ్చేసరికి ఎర్త్ గుంత ఎండిపోతుంది. నేల పొడిగా ఉంటే ఎర్త్ సరిగ్గా పట్టదు. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన పాత గుంతలకి అప్పుడప్పుడు ఒక బిందె నీళ్ళు పొయ్యమని పాత ఎలక్ట్రీషియన్లు చెప్పేది అందుకే. వేసవిలోనే స్పీకర్ మోత పెరుగుతోందని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది గుంత సంగతే.

యూపీఎస్ విషయానికొస్తే, సన్నటి మోత దానికి సహజం. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, బ్యాటరీ చార్జ్ అవుతూ ఉంటుంది. సాయంత్రం వీధిలో వోల్టేజీ పడిపోయినప్పుడు అది వోల్టేజీని ఎత్తి ఇస్తుంది, అప్పుడు మోత పెరుగుతుంది, రిలే టక్కుమంటుంది. వోల్టేజీ అటూ ఇటూ ఊగుతుంటే ఆ టక్ టక్ రాత్రంతా. ఇది కంప్యూటర్ జబ్బు కాదు, లైను జబ్బు. రోజూ ఉంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. యూపీఎస్‌ని బల్ల చెక్కకి ఆనించి పెట్టకండి, చెక్క ఆ మోతని పెద్దది చేస్తుంది. కింద రబ్బరు షీటు వేసి గోడకి కాస్త ఎడంగా ఉంచితే సగం తగ్గినట్టు ఉంటుంది. కరెంటు ఉండగానే కీక్ కీక్ అంటుంటే బ్యాటరీ అయిపోవచ్చింది. మన వేడికి రెండు మూడేళ్ళే దాని ఆయుష్షు.

నిద్ర మానిపించి హైబర్నేట్ చెయ్యడం

హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసి కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతుంది. తర్వాత గోడ స్విచ్ ఆపేసినా ఏమీ పోదు. తెల్లారి ఆన్ చేస్తే మీ ఫైళ్ళన్నీ వదిలేసిన చోటే ఉంటాయి. ఎస్ఎస్‌డీ ఉంటే లేవడానికి ఎక్కువ సేపు పట్టదు. రాత్రిపూట కరెంటు పోయే ఊళ్ళలో స్లీప్ కంటే ఇదే క్షేమం అని నా అభిప్రాయం.

కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హైబర్నేట్, స్పేస్, ఆన్ కొట్టండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఎడమ పక్క పవర్ బటన్స్ ఏం చెయ్యాలో ఎంచుకునే లింకు నొక్కి, పైన ఉన్న చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్ నొక్కి, కింద హైబర్నేట్ టిక్ పెట్టండి. అదే పేజీలో పవర్ బటన్ నొక్కితే హైబర్నేట్ అయ్యేలా కూడా పెట్టుకోవచ్చు.

షాపుకి తీసుకెళ్ళాల్సి వస్తే

కాలిన వాసన, లోపల చిటపట, కొన్ని సెకన్లకొకసారి టిక్ టిక్ అంటూ ఫ్యాను కదిలీ కదలక ఆగిపోవడం, ఇవి ఉంటే ఇంట్లో పరీక్షలు వద్దు. గోడ స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయండి. లోపల బల్లి పడి ఉండటం, ఎస్ఎంపీఎస్‌లో చీమలు చేరడం మన ఊళ్ళలో అరుదేమీ కాదు. హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్ వస్తుంటే షాపుకంటే ముందు బ్యాకప్ తీసుకోండి.

మిగతా వాటికి ఇంట్లోనే రాత్రి ఫోన్‌తో వీడియో తీయండి. పవర్ లైటు ఆరి వెలగడం, ఫ్యాను ఆగి ఉండటం, శబ్దం, మూడూ ఒకే వీడియోలో పడాలి. షాపులో పగటి గోలలో "మాకేం వినపడలేదు సార్" అంటే చూపించడానికి అది కావాలి. స్లాష్ ఏ కమాండ్ ఫలితం కూడా ఫోటో తీసి ఉంచండి. సీపీయూని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి, స్పీకర్లు పీకి పరీక్షించానని ముందే చెప్పండి. ఎస్ఎంపీఎస్ మార్చాలంటే వేరేది తగిలించి, స్లీప్‌లో పెట్టి, తేడా వినిపించాకే బిల్లు రాయమనండి. పాతదానికి వారంటీ మిగిలి ఉంటే డబ్బా మీది స్టిక్కర్ చింపనివ్వకండి, చిరిగిందంటే కంపెనీ తీసుకోకపోవచ్చు.